చదరంగపు గింజల పద్యము – ఒక గణిత విమర్శ

తెలుగు పద్యములలో కథను చెప్పునవి కలవు. నీతిని చెప్పునవి కలవు. ఋతువులను వర్ణించునవి కలవు. ఒక్క సంఖ్యను చెప్పుటకే పుట్టిన పద్యములు మాత్రము అరుదు. పావులూరి మల్లన పేర ప్రచారములోనున్న చంపకమాల యొకటి అట్టి అరుదైన పద్యము. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధముగా గడిగడికి రెట్టించుచు అరువదినాలుగు గడులను నింపినచో మొత్తము ఎన్ని గింజలు కావలయునో ఆ పద్యము తెలుపును. ఆ సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615.

ఇరువది అంకెల ఈ సంఖ్యను నాలుగు పాదముల పద్యములో ఇమిడ్చిన నేర్పును సాహిత్యాభిమానులు చిరకాలముగా కొనియాడుచున్నారు. ఆ ప్రశంస న్యాయమైనదే. కాని గణిత గ్రంథములోని పద్యమును విమర్శించునపుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. పద్యము చెప్పిన సంఖ్య సరియైనదేనా? సరియైనదని చదువరి దేనినిబట్టి నమ్మవలయును? ఈ ప్రశ్నను వేయకుండ పద్యమును పొగడుట రుచి చూడకుండ వంటను మెచ్చుకొనుట వంటిది.

ఈ పరీక్షకు గొప్ప పరికరములు అక్కరలేదు. హైదరాబాదులో రాంనగరు విద్యార్థి నొకని తీసికొందము. రాంనగరునకు దగ్గరలోనే చిక్కడపల్లి యున్నది. అచ్చట సాహిత్య సభలకు పేరుపొందిన త్యాగరాయ గానసభ కలదు. నగర కేంద్ర గ్రంథాలయము కలదు. రాంనగరు వీధులలో బియ్యపు దుకాణములకు కొరత లేదు. పద్యమును వినుటకు సభ, శాస్త్రమును చదువుటకు గ్రంథాలయము, గింజలను తూచుటకు దుకాణము, మూడును ఆ విద్యార్థికి చేరువలోనే యున్నవి. ఇక కావలసినది కాగితము, పెన్సిలు పట్టి లెక్క చేయు అలవాటు మాత్రమే.

గింజల రాశి ఎంత?

ముందుగా సంఖ్య పరిమాణమును గ్రహింపవలయును. గ్రాము బియ్యమునకు సుమారు 50 గింజలని అనుకొందము. 21వ గడిలో ఉండవలసిన గింజలు 10,48,576. వీటి తూకము ఇంచుమించు 21 కిలోలు. దుకాణములో అమ్ము 25 కిలోల సంచిలో ఇవి సులభముగా పట్టును. ఇంతవరకు రాజుగారికి భయపడవలసిన పని లేదు. కాని పది గడులు దాటి 31వ గడికి చేరునప్పటికి రాశి 1,024 రెట్లు పెరుగును. 21 టన్నులు దాటును. అనగా 25 కిలోల సంచులు ఎనిమిది వందల ఏబదికి పైగా కావలయును. 41వ గడికి సుమారు 22 వేల టన్నులు. పలక మొత్తము నిండునప్పటికి తూకము దాదాపు 36,893 కోట్ల టన్నులు. ప్రపంచమంతటను ఇప్పుడు ఏటా ఉత్పత్తియగు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము పైమాట. ఈ లెక్కను చదరంగపు పలకకు చాలు బియ్యము పండింప సుమారు ఏడు వందల ఏండ్లు పట్టును.

ఈ రాశిని ఊహించుటకు మనస్సు తడబడును. అంకెలలో ఒక్కటి తప్పినను కంటికి తెలియదు. కనుకనే పరీక్ష అవసరము.

మహావీరుడు, మల్లన

పద్యము వెనుకనున్న గణిత సంప్రదాయము గట్టిది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ.శ. 850 ప్రాంతమున, జైన గణితజ్ఞుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. మద్రాసులో 1912లో ఎం. రంగాచార్యుల ఆంగ్లానువాదముతో అది అచ్చయినది. ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన 11వ శతాబ్దివాడని కొందరు, 12వ శతాబ్దివాడని కొందరు చెప్పుదురు. ఏది యైనను తెలుగున శాస్త్ర గ్రంథములు రచించిన తొలితరమువారిలో ఆయన యొకడు. శైవుడైన మల్లన జైన గ్రంథమును మక్కికి మక్కిగా దింపక, ఉదాహరణములను తన కాలమునకు, తన మతమునకు తగినట్లు మార్చుకొనెను.

మహావీరుడు స్థానములకు 24 పేర్లు చెప్పెను, చివరిది మహాక్షోభము. చదరంగపు సంఖ్యకు 20 స్థానములు చాలును. కనుక ఇంత పెద్ద సంఖ్యను పలుకుట ఆ సంప్రదాయమునకు వింత కాదు. రెట్టించుచు పోవు రాశులను కూడుట, అనగా గుణశ్రేఢి సంకలనము, మహావీరుని గ్రంథమున విపులముగా కలదు. ఈ పద్యము మల్లన రచనయే యని నిర్ణయించుట తాళపత్ర ప్రతులను పోల్చి చూచు పండితుల పని. కర్త ఎవరైనను లెక్క మారదు.

అంకెలకు మారుపేర్లు

పద్యములో అంకెలు అంకెలుగా కనబడవు. వాటికి బదులు వస్తువుల పేర్లు ఉండును. ఈ పద్ధతికి భూతసంఖ్యలని పేరు. చంద్రుడు ఒక్కడే కావున అతని పేరు ఏదైనను 1. అగ్నులు మూడు కావున 3. వేదములు నాలుగు కావున 4. మన్మథుని బాణములు అయిదు కావున శరము 5. కులపర్వతములు ఏడు కావున కొండ 7. దిగ్గజములు ఎనిమిది కావున ఏనుగు 8. శరీరమున నవరంధ్రములు కావున రంధ్రము 9. ఆకాశము శూన్యము కావున 0. అంకెలు కుడినుండి ఎడమకు నడచునని నియమము. అనగా మొదట వినబడు పదము ఒకట్ల స్థానమునకు చెందును.

ఈ పద్ధతిలో కవికి దొరకు సౌకర్యము పర్యాయపదములు. ఈ సంఖ్యలో 1 మూడుసార్లు వచ్చును. పద్యమున చంద్రునికి మూడు వేర్వేరు పేర్లు కనబడును. 4 నాలుగుసార్లు వచ్చును. వేదము, బ్రహ్మ ముఖములు, సముద్రమునకు రెండు పేర్లు దానికి సరిపోయినవి. 7 మూడుసార్లు వచ్చును. కొండకు మూడు పేర్లు ఉపయోగపడినవి. గణములకు, యతి ప్రాసలకు తగిన పేరును ఎన్నుకొనుటలో కవి నేర్పు కానవచ్చును. ఒక చమత్కారము కూడ కలదు. రెండును ఎడతెగక రెట్టించగా వచ్చిన ఈ సంఖ్యలో 2 అను అంకె ఒక్కచోటను లేదు. అందుచేత కన్నులకు, పక్షములకు పద్యమున పని కలుగలేదు.

ఈ పద్యమును వివరించు సందర్భములలో ఒక పొరపాటు తరచు దొర్లును. ఈ సంఖ్యను 64వ గడిలోని గింజలుగా చెప్పుట ఆ పొరపాటు. మొదటి గడి తప్ప మిగిలిన ప్రతి గడిలోను ఉన్నది రెట్టింపు రాశి. రెట్టింపు రాశి సరిసంఖ్యయే కావలయును. పద్యము మొదటి పదము శరము, అనగా ఒకట్ల స్థానమున 5. బేసిసంఖ్య ఏ రెట్టింపు వలనను రాదు. కావున అది అన్ని గడుల మొత్తము. 64వ గడిలోని గింజలు 92,23,37,20,36,85,47,75,808. దీనిని రెట్టించి ఒకటి తీసివేసినచో పద్యములోని సంఖ్య వచ్చును. పద్యము మొదటి మాటలోనే దొరకు ఈ సాక్ష్యమును వివరించువారు విడిచిపెట్టరాదు.

ఆరు మెట్ల మార్గము

ఈ సంఖ్యను సాధించుటకు అరువదిమూడుసార్లు రెట్టింప నక్కరలేదు. మహావీరుడు చెప్పిన మార్గము ఇట్టిది. పదముల సంఖ్య సరియైనచో సగము చేసి వర్గమని గుర్తు పెట్టవలయును; బేసియైనచో ఒకటి తీసివేసి గుణమని గుర్తు పెట్టవలయును. 64 నుండి బయలుదేరినచో 32, 16, 8, 4, 2, 1 వరకు ఆరు వర్గములు, చివర ఒక గుణము వచ్చును. ఇప్పుడు గుర్తులను వెనుకనుండి చదివి 2 తో మొదలిడి వర్గములు చేయుచు పోవలయును: 4, 16, 256, 65,536, తరువాత 4,29,49,67,296. దీని వర్గమే 1,84,46,74,40,73,70,95,51,616. చివరి గుణకారము పది అంకెలను పది అంకెలతో హెచ్చించుట. ఓపికగల విద్యార్థికి అది ఒక పూట పని.

ఇందులోనుండి ఒకటి ఎందుకు తీసివేయవలయును? మొదటి రెండు గడుల మొత్తము 3. అది తరువాతి గడిలోని 4 కంటె ఒకటి తక్కువ. మొదటి మూడు గడుల మొత్తము 7. అది తరువాతి గడిలోని 8 కంటె ఒకటి తక్కువ. ఎచ్చట ఆగినను ఇదే నియమము. 64 గడుల మొత్తము లేని 65వ గడికంటె ఒకటి తక్కువ.

ఈ సగములు చేయు మార్గము మహావీరునికి ముందే ఛందశ్శాస్త్రమున కలదు. పింగళుడు గురులఘువుల కలయికచే ఎన్ని వృత్తములు పుట్టునో లెక్కించుటకు దీనిని వాడెను. ప్రతి అక్షరము గురువైన కావచ్చును, లఘువైన కావచ్చును. కనుక అక్షరమునకు అక్షరము రెట్టింపు. ఇరువదియొక్క అక్షరముల పాదమునకు 20,97,152 రూపములు కలవు. వాటిని శాస్త్రము చెప్పిన వరుసలో పేర్చినచో చంపకమాల 7,11,600వది. రెట్టింపు ఫలమును చెప్పు పద్యము రెట్టింపుచే లెక్కింపబడు వృత్తములోనే నిలిచియున్నది.

పద్యము చెప్పనిది

గణిత దృష్టితో ఈ పద్యమునకు ఒక పెద్ద లోపము కలదు. అది ఫలమును చెప్పును, సాధనను చెప్పదు. సూత్రము తెలిసినవానికి ఫలము అక్కరలేదు, తానే కట్టుకొనగలడు. ఫలము మాత్రమే తెలిసినవానికి దానిని నమ్ముట తప్ప దారి లేదు. కంఠస్థము చేసిన శిష్యుడు ఒక పదమును మరచి వేరొక పదమును చేర్చినచో ఏమగును? తాటాకుపై ఎత్తి వ్రాయువాడు ఒక అక్షరమును మార్చినచో ఏమగును?

ఇందుకు వెంటనే వచ్చు సమాధానము ఛందస్సు కాపాడునని. ఇది కొంతవరకు నిజము. కొండకు ఒక పేరు నగము. దాని విలువ 7. ఏనుగునకు, పామునకు పేరు నాగము, విలువ 8. ఒక్క దీర్ఘము పడినచో పది కోట్ల గింజలు పెరుగును. కాని రెండు లఘువుల చోట గురువు చేరినందున గణము చెడును, చెవి పట్టుకొనును. ఇచ్చట చంపకమాల కాపలాదారు వలె పనిచేసినది.

కాని ఛందస్సు చూడగలది అక్షరముల నిడివిని, విలువను కాదు. గిరి అను పదమునకు బదులు కరి అని పడినదనుకొందము. రెండును రెండేసి లఘువులు. యతిస్థానము కాదు, ప్రాసస్థానము కాదు. పద్యము నడక ఏమాత్రము చెడదు, అర్థమును కుదురును. కాని గిరి 7, కరి 8. ఆ స్థానమున ఒక్క అంకె పెరుగుట అనగా కోటి కోట్ల గింజలు పెరుగుట. తూకమున ఇరువది లక్షల టన్నులు. పద్యము చక్కగా సాగుచునే యుండును, లెక్క తప్పుచుండును. ఈ తప్పును పట్టగలది గణితము మాత్రమే.

నాలుగు తప్పులు, నాలుగు పరీక్షలు

మొదటి పరీక్ష 3 తో. 4 ను 3 తో భాగించినచో శేషము 1. కావున 4 ను ఎన్నిసార్లు హెచ్చించినను శేషము 1 గానే యుండును. పలకలోని రెట్టింపు 4 ను 32 సార్లు హెచ్చించిన దగుటచే, ఒకటి తీసివేసిన పిమ్మట 3 తో నిశ్శేషముగా భాగింపబడవలయును. పద్యములోని అంకెల మొత్తము 87. అది 3 తో భాగింపబడును. గిరి కరియైనచో మొత్తము 88, భాగింపబడదు. తప్పు దొరికినది.

కాని ఈ పరీక్షకు అందని తప్పు కలదు. సముద్రము అనగా గణితజ్ఞుల సాధారణ వాడుకలో 4. పురాణములలో సముద్రములు ఏడు. పద్యము చక్కగానే యున్నను, చదువరి ఒక్కచోట సముద్రమును 7 గా గ్రహించినచో అంకెల మొత్తము 90 అగును. 90 కూడ 3 తో భాగింపబడును. ఇప్పుడు రెండవ పరీక్ష కావలయును. అది నవశేష పరీక్ష. ద్వితీయ ఆర్యభటుని మహాసిద్ధాంతమున ఇట్టి పరీక్ష చెప్పబడినది. 64 ను 9 తో భాగించినచో శేషము 1. 64 అనగా 2 ను ఆరుసార్లు హెచ్చించినది. కావున అరువదిసార్లు హెచ్చించినను శేషము 1. మిగిలిన నాలుగుసార్లకు 16, దాని శేషము 7. ఒకటి తీసివేసినచో 6. పద్యములోని 87 కు శేషము 6, సరిపోయినది. సముద్రమును 7 గా చదివిన 90 కి శేషము 0. తప్పు దొరికినది.

మూడవ తప్పు క్రమమునకు సంబంధించినది. అంకెలు కుడినుండి ఎడమకు నడచునను నియమమెరుగనివాడు విన్న వరుసలోనే వ్రాసికొన్నచో 5,16,15,59,07,37,04,47,64,481 వచ్చును. అసలు సంఖ్యకు ఇది ఇంచుమించు మూడు రెట్లు. అంకెలు అవియే కావున మొత్తము 87 గానే యుండును. 3 పరీక్ష, 9 పరీక్ష రెండును దీనిని పట్టలేవు. ఇచ్చట 5 పరీక్ష పనికివచ్చును. 16 ను ఎన్నిసార్లు హెచ్చించినను చివర 6 నిలుచును. ఒకటి తీసివేసినచో చివర 5 ఉండవలయును. తలక్రిందులైన సంఖ్య చివర 1 ఉన్నది. తప్పు దొరికినది.

నాల్గవది మిక్కిలి సూక్ష్మమైనది. రంధ్రము అనగా 9. కాని రంధ్రము అనగా ఖాళీయే గదా యని 0 గా గ్రహించువాడు ఉండవచ్చును. 9 కి బదులు 0 వ్రాసినచో అంకెల మొత్తము 78. అది 3 తో భాగింపబడును. 9 కి శేషము 6 గానే యుండును. చివరి అంకె 5 గానే యుండును. మూడు పరీక్షలును మోసపోయినవి. ఇప్పుడు 17 తో భాగించి చూడవలయును. 16 అనగా 17 కు ఒకటి తక్కువ. దాని వర్గమైన 256 ను 17 తో భాగించినచో శేషము 1. కావున పలక మొత్తము 17 తో భాగింపబడవలయును. పద్యములోని సంఖ్యను 17 తో భాగించినచో భాగఫలము 10,85,10,25,92,57,11,50,095, శేషము లేదు. 9 కి బదులు 0 ఉన్న సంఖ్యకు శేషము మిగులును.

17 పరీక్షకు ఈ బలము ఎట్లు వచ్చినది? ఒక అంకె తప్పినచో సంఖ్యలో కలుగు భేదము 1 నుండి 9 లోపు అంకెను పదుల స్థానముతో హెచ్చించినంత. 17 ప్రధాన సంఖ్య. అది 10 ని భాగింపదు, 1 నుండి 9 వరకు ఏ అంకెను భాగింపదు. కావున ఒక్క అంకె తప్పు ఏదైనను దానికి చిక్కక తప్పదు. ప్రక్కప్రక్కనున్న రెండు వేరు వేరు అంకెలు తారుమారైనను చిక్కును. చేతితో చేయగల ఒక్క భాగహారము ఇంత కాపలా కాయుచున్నది.

సంఖ్యలోపలి అమరిక

3, 5, 17 అను ఈ భాజకములు యాదృచ్ఛికముగా దొరికినవి కావు. ఒక వర్గమునుండి 1 తీసివేసినచో వచ్చు సంఖ్య, మూలమునకు ఒకటి తగ్గించిన దానిని, ఒకటి హెచ్చించిన దానిని గుణించగా వచ్చు ఫలము. ఉదాహరణకు 16 నుండి ఒకటి తీసివేసిన 15 అనగా 3 ను 5 తో హెచ్చించుట. పలక సంఖ్య ఆరు వర్గముల మెట్లెక్కి వచ్చినది గదా. అవే మెట్లు దిగుచు వచ్చినచో అది 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరు సంఖ్యల లబ్ధముగా విడిపోవును. సాధించిన మార్గమే కారణాంకములను చూపు మార్గము కూడ.

ఈ ఆరు సంఖ్యలకు ఐరోపా గణిత చరిత్రలో ప్రసిద్ధి కలదు. ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఫెర్మా 1640లో ఈ జాతి సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని భావించెను. మొదటి అయిదును ప్రధాన సంఖ్యలే. ఆరవది కాదని 1732లో ఆయిలర్ చూపెను. అది 641 ని 67,00,417 తో హెచ్చించగా వచ్చునది. గొప్పవాడు చెప్పిన మాటయని లోకము తృప్తిపడియుండినచో ఆ పొరపాటు నిలిచిపోయెడిది. ఆయిలర్ భాగించి చూచెను. ఫెర్మా కీర్తికి దానివలన లోటు రాలేదు. శాస్త్రము ఒక మెట్టు పైకెక్కినది. కావున పలక సంఖ్యకు ప్రధాన కారణాంకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417.

గొప్పలు చెప్పుకొనుటలో జాగ్రత్త

ఈ పద్యమును ఆధారముగా చేసికొని మూడు మాటలు వినబడుచుండును. మూడింటిని పరీక్షింపవలయును.

లోకమున ఇంకెవ్వరికిని తెలియని సంఖ్యను మల్లన చెప్పెనను మాట మొదటిది. ఇది నిలువదు. అల్ బిరూనీ క్రీ.శ. 1000 ప్రాంతమున రచించిన కాలగణన గ్రంథములో చదరంగపు పలక మొత్తమును వర్గముల మార్గముననే సాధించి ఇదే సంఖ్యను చెప్పెను. తెలుగుదేశములోను, మధ్య ఆసియాలోను ఒకే ఫలము రెండు భాషలలో నిలిచియుండుట అవమానము కాదు. రెండు చోట్ల చేసిన లెక్క ఒకటిగా వచ్చుట ఆ లెక్కకు బలము.

కాశీలోని దేవళమున 64 బంగారు బిళ్లలను బ్రాహ్మణులు ఒక స్తంభమునుండి మరియొకదానికి మార్చుచున్నారనియు, ఆ పని ముగిసిన నాడు ప్రళయమనియు చెప్పు కథ రెండవది. ఆ పనికి కావలసిన కదలికలు సరిగా ఇన్నియే. క్షణమునకు, అనగా సెకనుకు, ఒకటి చొప్పున చేసినను 58,000 కోట్ల ఏండ్లకు పైగా పట్టును. లెక్క నిజమే, కాని కథ ప్రాచీనము కాదు. ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా 1883లో వెలువరించిన ఆట వస్తువుతో అది వ్యాప్తిలోనికి వచ్చినది. భారతదేశము పేరు చెప్పినంతమాత్రమున ప్రతి కథయు ఇచ్చటిదే కానేరదు.

నేటి కంప్యూటర్ల సంఖ్యను మల్లన ముందే ఎరిగియుండెనను మాట మూడవది. 64 బిట్ల స్థలములో, ఋణచిహ్నమునకు చోటు విడువక, వ్రాయగల మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్య ఇదే యగుట వాస్తవము. రెండు అంకెల లెక్కలో దీనిని వ్రాసినచో వరుసగా 64 ఒకట్లు వచ్చును. గడికి ఒక ఒకటి. కాని ఇందుకు కారణము భవిష్యద్దర్శనము కాదు. చదరంగమున గడులు 64. యంత్రమున బిట్లు 64. రెండుచోట్లను జరుగునది రెట్టింపు. ఒకే లెక్కకు ఒకే ఫలము వచ్చినది. పింగళుని ప్రస్తారమునకు, కంప్యూటరు అంకెలకు ఉన్న నిజమైన చుట్టరికము ఈ రెట్టింపే. విద్యార్థికి చెప్పవలసినది ఆ చుట్టరికమును. ఆ మాట చెప్పినచో అతడు లెక్క చేయుటకు కూర్చుండును. మహిమ చెప్పినచో చప్పట్లు కొట్టి లేచిపోవును.

విమర్శ తీర్పు

పద్యముగా ఇది చక్కని రచన. ఇరువది అంకెలను అర్థముగల పదములలో, నడక చెడకుండ, జ్ఞాపకమునకు అనువుగా నిలిపినది. కాగితము సులభముగా దొరకని కాలమున ఇట్టి పద్యమే పుస్తకము, పద్యమే పట్టిక. సంఖ్యను తరములపాటు మోసికొని వచ్చిన పాత్రగా దాని విలువ తగ్గదు. పద్యము నేడు ప్రచారములోనున్న రూపములో చెప్పు సంఖ్యలో ఒక్క అంకెయు తప్పులేదు. పై పరీక్షలన్నింటికి అది నిలిచినది. ఆరు వర్గముల మార్గమున నేరుగా సాధించిన ఫలముతోను సరిపోయినది.

గణిత రచనగా ఇది సగము. మిగిలిన సగము మహావీరుని సూత్రములో, పింగళుని మార్గములో, భాజకముల పరీక్షలో ఉన్నది. పద్యమును పాఠ్యపుస్తకములో చేర్చువారు, తరగతిలో చెప్పు ఉపాధ్యాయులు ఆ సగమును గూడ ప్రక్కన పెట్టవలయును. పద్యము క్రింద ఆరు వర్గములను ఒక వరుసలో అచ్చువేసినచో చాలును. దాని క్రింద 17 తో భాగించి చూడుడని ఒక అభ్యాసము ఇచ్చినచో చాలును. పూర్వుల మాటను గౌరవించుట అనగా దానిని లెక్కకు నిలిపి చూచుట. తప్పులేని మాటకు ఆ పరీక్షవలన నష్టము లేదు. పరీక్షింపని మాట నిజమే యైనను, దానిని చెప్పువానికి అది వినికిడిగానే మిగులును. చిక్కడపల్లి సభలో పద్యము విని రాంనగరుకు తిరిగివచ్చిన విద్యార్థి ఆ రాత్రి భాగహారమునకు కూర్చున్నచో, శేషము సున్న యని తన చేతితో తేలిన క్షణమున ఆ సంఖ్య అతనికి సొంతమగును.